జ్వరం ఫిట్స్ భయం, చెల్లిని కొరికే బాబు, ఇంట్లో రోజూ గొడవ: ఒక తల్లి ఉత్తరానికి సమాధానం

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. చాలా పెద్ద ఉత్తరం, అవసరమైనంత వరకు ఆవిడ మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"మా బాబుకి 2 ఏళ్ళ 4 నెలలు, పాపకి 5 నెలలు. అత్తయ్య మాతోనే ఉంటారు, పిల్లలిద్దర్నీ ఎక్కువగా చూసుకునేది ఆవిడే, ఆ మాట కాదనను. మా ఆయన పొద్దున వెళ్తే రాత్రికి గానీ రారు. నా లీవ్ ఇంకో నెలలో అయిపోతుంది. రెండు నెలల క్రితం ఒక మధ్యాహ్నం బాబు ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉన్నట్టు అనిపించింది, చూద్దాంలే అనుకున్నా. నా ఒళ్ళోనే ఉన్నవాడు ఉన్నట్టుండి కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు, మూతి నీలంగా అయిపోయింది. చచ్చిపోతున్నాడనే అనుకున్నా. అత్తయ్య పళ్ళ మధ్య స్పూన్ పెట్టబోతే చిగురుకి తగిలి రక్తం వచ్చింది. రెండు నిమిషాల్లో ఆగిపోయింది. హాస్పిటల్లో అన్నీ చూసి జ్వరం వల్ల వచ్చిన ఫిట్స్, భయపడాల్సిందేం లేదు అని పంపించేశారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. రాత్రి నాలుగైదుసార్లు లేచి థర్మామీటర్ పెడతా, కొంచెం వెచ్చగా అనిపించినా పారాసెటమాల్ వేసేస్తా. ఇద్దరి ముక్కు దగ్గరా వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూస్తా. డాక్టరే ఏం లేదన్నాక నీ బాధేంటి అంటారు మా ఆయన.

పాప పుట్టినప్పట్నుంచి బాబు కొరుకుతున్నాడు. ముందు నన్ను, తర్వాత అత్తయ్యని, పోయిన వారం పాప చెంప మీద పళ్ళ గాట్లు పడేలా కొరికాడు. వాడికీ నొప్పి తెలియాలని అత్తయ్య వాడి చెయ్యి కొరికారు. నేను ఆవిడ మీద అరిచాను, అదే కోపంలో వాడినీ కొట్టాను. తర్వాత బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఇవన్నీ కాక మొన్న ఆదివారం బరువు చూసే మెషిన్‌లోంచి ఊడిన బటన్ సెల్ వాడి చేతిలో కనిపించింది, లాక్కున్నాను. మింగినా మర్నాటికి బయటికొచ్చేస్తుంది, మా పిల్లలు ఎన్ని మింగలేదు అన్నారు అత్తయ్య. దాని మీద పెద్ద గొడవ. నేను ఉద్యోగం మానేయాలా, బాబుని ప్లేస్కూల్లో వేయాలా, వేరే వెళ్ళిపోవాలా, ఏమీ తోచట్లేదు. అందరూ అంటున్నట్టు నేనే అతి చేస్తున్నానా?"

అమ్మా, అతి చేస్తున్నారా అంటే కొన్నిట్లో అవును, కొన్నిట్లో అస్సలు కాదు. ఒక విషయంలో అయితే మీరు చేసింది ఇంకా తక్కువే. మీ ఇంట్లో ఇవన్నీ ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి, చిక్కంతా అక్కడే ఉంది. జ్వరం గురించి మీరు రోజూ పడే కంగారు చూసి చూసి, సెల్ గురించి మీరు కేక పెట్టినా ఇంట్లోవాళ్ళకి అది కూడా అలాంటి కంగారులాగే వినిపించింది. అందుకని దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో విడదీసి చెప్తాను, అప్పుడు మీరు గట్టిగా అన్న మాటకి ఇంట్లో బరువు ఉంటుంది.

సెల్‌తోనే మొదలుపెడతాను, మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసేశారు గానీ ఉత్తరం మొత్తంలో ప్రాణం మీదకి తెచ్చేది అదొక్కటే. మీకు ఒక సెల్ దొరికింది. ఆ మెషిన్‌లో ఎన్ని పడతాయో చూశారా? కొన్నిట్లో ఒకటే ఉంటుంది, కొన్నిట్లో రెండో మూడో ఉంటాయి. ఇది చదవడం ఆపి ఇప్పుడే వెళ్ళి లెక్క చూడండి. ఒక్కటి తక్కువైనా, ఇల్లంతా వెతికాక చూద్దాం అనుకోకుండా ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఎక్స్‌రే ఉన్న హాస్పిటల్‌కి వెళ్ళండి, బాబు బాగానే ఆడుకుంటున్నా సరే, ఎందుకంటే మొదట్లో చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ కనిపించదు. కనిపించినా చొంగ కార్చడం, తిండి వద్దనడం, దగ్గు, వాంతి, ఇలా మామూలు జలుబు అనుకునేలాగే ఉంటాయి.

మర్నాటికి వచ్చేస్తుంది అన్న అత్తయ్యగారి మాట ఆవిడ పిల్లల్ని పెంచిన కాలానికి చాలావరకు నిజమే, అప్పుడు పిల్లలు మింగింది నాణేలు, గుండీలు. ఇప్పుడు ఇళ్ళల్లో ఉండే లిథియం సెల్స్ వేరు. సీఆర్ 2032 అని రాసి ఉండేది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 ఓల్టులు, చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే సైజు. ఇరుక్కున్నాక అది పగిలి లోపలి మందు కారడం వల్ల ప్రమాదం అనుకుంటారు చాలామంది, అది కాదు. సెల్‌కి రెండు వైపులా తడి కండ తగలగానే కరెంటు పారడం మొదలవుతుంది, దాంతో అక్కడి తడిలోనే కాస్టిక్ సోడా లాంటి క్షారం తయారై చుట్టూ ఉన్న కండని కాల్చేస్తుంది. 2 గంటల్లోనే తీవ్రమైన గాయం అవ్వచ్చు, సెల్ బయటికి తీసేశాక కూడా ఆ కాలిన గాయం రోజుల తరబడి లోపలికి పాకుతూ పక్కనున్న పెద్ద రక్తనాళం దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. రిమోట్ పని చెయ్యట్లేదని తీసి పక్కన పడేసిన సెల్‌లో కూడా దీనికి సరిపడా కరెంటు మిగిలే ఉంటుంది. ముక్కులోనో చెవిలోనో దోపుకున్నా అంతే, కాలుతుంది.

మింగాడని అనుమానం వస్తే వాంతి చేయించొద్దు, తిండీ నీళ్ళూ పెట్టొద్దు, తిన్నగా హాస్పిటలే. ఏడాది దాటిన పిల్లలకి, మింగి 12 గంటలు కాకపోతే, దారిలో 10 నిమిషాలకి ఒకసారి 2 టీస్పూన్ల తేనె 6 సార్ల దాకా ఇవ్వొచ్చని డాక్టర్లు చెప్తున్నారు, అది గాయాన్ని కొంచెం నెమ్మదింపజేస్తుంది అంతే, దానికోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, తేనె కొనడానికి బండి ఆపకూడదు. పాపకి మాత్రం తేనె ఎప్పుడూ వద్దు, ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఇక ఈ వారంలో మీరూ మీ ఆయనా కలిసి ఒక గంట కూర్చుని ఇంట్లో బటన్ సెల్ ఉన్న వస్తువులన్నీ ఒకచోట పెట్టండి: రిమోట్లు, బరువు మెషిన్లు, లైటు వెలిగే బొమ్మలు, పాటపాడే గ్రీటింగ్ కార్డులు, కారు తాళం, మీరు రాత్రుళ్ళు పక్కనే పెట్టుకుంటున్న డిజిటల్ థర్మామీటర్ కూడా. మూతకి స్క్రూ ఉంటే బిగించండి, లేనివి గట్టి టేపు చుట్టి పైన పెట్టండి లేదా వదిలించుకోండి. వాడేసిన సెల్స్‌ని రెండు వైపులా టేపు అంటించి ఆ రోజే ఇంట్లోంచి పంపించేయండి, సొరుగులో వేయొద్దు. బలమైన చిన్న అయస్కాంతాలున్న బొమ్మల్ని కూడా ఇదే జాబితాలో కలపండి, రెండు మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకి చిల్లు పెడతాయి.

ఇంకో అవకాశం ఇవ్వని ప్రమాదాలు మీ ఇంటికి ఇంకొన్ని ఉన్నాయి, ఇద్దరు పిల్లలు ఉండటం వల్లే వచ్చేవి. బాబు పాపని కొరకడం అందరికీ కనిపిస్తోంది, కానీ వాడు ప్రేమగా చేసేది ఇంకా ప్రమాదం. చెల్లి ఏడుస్తోందని తన చేతిలో ఉన్న పల్లీ గింజో ద్రాక్షపండో ఆమె నోట్లో పెట్టేస్తాడు, చలేస్తుందని దుప్పటి మొహం దాకా కప్పుతాడు, పక్కన దిండు పెడతాడు, మీద పడుకుని ముద్దులాడతాడు. రెండేళ్ళవాడికి ఇందులో తప్పేమీ తెలియదు. అందుకని మేల్కొని ఉన్న పెద్దవాళ్ళు ఒకరు అదే గదిలో లేకుండా ఇద్దర్నీ ఒకచోట వదలొద్దు, గిన్నె దించి వస్తా అనే అర నిమిషం కూడా, వెళ్ళాలంటే ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. పాపని ఎప్పుడూ వెల్లకిలా, గట్టి పరుపు మీద, పక్కన దిండూ బొమ్మా వదులు దుప్పటీ ఏమీ లేకుండా పడుకోబెట్టండి. పల్లీలు, జీడిపప్పు, బాదంపప్పు లాంటివి పూర్తి గింజలుగా ఐదేళ్ళ లోపు ఎవరికీ వద్దు, ద్రాక్షలాంటి గుండ్రటివి నిలువుగా నాలుగు ముక్కలు చేసి బాబుకి ఇవ్వండి. బాత్‌రూంలో బకెట్ వాడగానే బోర్లించెయ్యాలి, రెండంగుళాల నీళ్ళు కూడా చాలు, పైగా మునిగే పిల్లలు కేక వెయ్యరు, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. వేడి టీ కప్పు పట్టుకుని పాపని ఎత్తుకోవద్దు. ఇలాంటి వాటిల్లో మీరు ఎంత మొండిగా ఉన్నా నేను మీ వైపే.

ఇప్పుడు ఫిట్స్. మీరు చూసింది ఏ తల్లికైనా గుండె ఆగిపోయే దృశ్యం, మొదటిసారి చూసిన తల్లిదండ్రుల్లో చాలామంది అచ్చం మీలాగే బిడ్డ చచ్చిపోతోందనే అనుకుంటారు. రెండు నిమిషాల్లో అయిపోయిందిగా అని వేరేవాళ్ళకి అనిపిస్తుంది, మీకు మాత్రం అది అవ్వలేదు, రోజూ రాత్రి మళ్ళీ జరుగుతూనే ఉంది. డాక్టర్ భయం లేదన్నారు గానీ ఎందుకు లేదో కూర్చోబెట్టి చెప్పే తీరిక వాళ్ళకి ఉండి ఉండదు, ఆ కాస్త నేను చెప్తాను. 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి ఇలా జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఒకసారి వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ రావచ్చు, ఇది దాచకుండా చెప్తున్నాను. కానీ మీవాడికి వచ్చినట్టు కొద్ది నిమిషాల్లో ఆగిపోయి, ఒళ్ళంతా కదిలి, 24 గంటల్లో మళ్ళీ రాని మామూలు రకం వల్ల మెదడు దెబ్బతినదు, తెలివి తగ్గదు, చదువు ఆగదు. పెద్దయ్యాక మూర్ఛ జబ్బు వచ్చే అవకాశం మామూలు పిల్లల్లో నూటికి ఒకరికి ఉంటే వీళ్ళలో నూటికి ఇద్దరికి ఉంటుందేమో, అంత తేడానే. కుటుంబాల్లో కూడా వస్తుంటుంది ఇది, మీ ఆయనకి చిన్నప్పుడు ఇలా ఎప్పుడైనా అయ్యిందా అని అత్తయ్యగారిని మెల్లగా అడగండి, ఒక్కోసారి ఆ ఒక్క ప్రశ్నతో ఇంట్లో మాటలు వేరే దారి పడతాయి.

మీకు మంచి చెప్పాలో చెడు చెప్పాలో తెలియని సంగతి ఇంకొకటి ఉంది. జ్వరం తగ్గించే మందు వేస్తే ఫిట్స్ రాకుండా ఆగుతాయా అని చాలా పరిశోధన చేశారు, ఆగవనే తేలింది. చాలాసార్లు ఫిట్స్ వచ్చాకే ఇంట్లోవాళ్ళకి జ్వరం ఉందని తెలుస్తుంది. అంటే ఆ మధ్యాహ్నం మీరు చూద్దాంలే అనుకోవడం వల్ల అది రాలేదు, ముందే మందు వేసినా వచ్చేదే. అలాగే మీరు రాత్రుళ్ళు లేచి కాపలా కాయడం వల్ల ఇన్నాళ్ళూ రాకుండా ఆగలేదు కూడా, అవి వాటంతట అవే రాలేదు. పారాసెటమాల్ వాడు నలతగా, చిరాగ్గా ఉన్నప్పుడు హాయి కోసం వేసేది.

పైగా మీరు నిద్రమత్తులో వేస్తున్న ఆ మందుతోనే నాకు భయంగా ఉంది. పారాసెటమాల్ డోస్ వయసుని బట్టి కాదు బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోస్‌కీ డోస్‌కీ మధ్య కనీసం 4 గంటలు, 24 గంటల్లో 4 సార్లు మించకుండా. ఇంట్లో డ్రాప్స్ ఒకటి, సిరప్ ఒకటి ఉంటాయి, డ్రాప్స్‌లో మందు చాలా చిక్కగా ఉంటుంది, సిరప్ లెక్కలో డ్రాప్స్ పోస్తే అదే పెద్ద ఓవర్‌డోస్. మీరు రాత్రి వేసింది తెలియక పొద్దున అత్తయ్యగారు ఇంకోసారి వేసే అవకాశం కూడా ఉంది. లివర్ మీద పడుతుంది ఇది. సీసా పక్కనే ఒక కాగితం పెట్టి ఎవరు వేసినా టైం, ఎన్ని ఎంఎల్ అని రాయండి, కొలిచే సిరంజి తప్ప వంటింటి స్పూన్ వాడొద్దు, ఒట్టి చేత్తో చూసి వెచ్చగా ఉందని వేయొద్దు. నిద్రపోతున్నవాడిని లేపి మరీ మందు వేయాల్సిన పని లేదు. ఆస్పిరిన్ పిల్లలకి అసలు వద్దు. చన్నీళ్ళతో, ఐసుతో తుడవడం కూడా వద్దు, వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది.

ఒకవేళ ఫిట్స్ మళ్ళీ వస్తే ఏం చేయాలో మాత్రం ఇంట్లో ముగ్గురికీ నోటికి వచ్చేయాలి. కింద మెత్తగా ఉన్నచోట పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపాలి, మెడ దగ్గర బట్ట వదులు చేయాలి, గడియారం చూడాలి. నోట్లో స్పూను గానీ వేలు గానీ నీళ్ళు గానీ మందు గానీ ఏమీ పెట్టకూడదు, నాలుక ఎవరూ మింగేయలేరు, అది జరగని పని, స్పూన్ పెడితే పళ్ళు విరిగి గొంతులో పడతాయి. గట్టిగా అదిమి పట్టుకోకూడదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అంబులెన్స్ పిలవాలి. ఆగినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, కాసేపు మగతగా పడుకోవడం మామూలే గానీ ఎంతసేపటికీ సరిగ్గా తెలివిలోకి రాకపోయినా, ఒక వైపే కొట్టుకున్నా, అదే రోజు మళ్ళీ వచ్చినా, మెడ బిగుసుకున్నా, ఒంటి మీద నొక్కితే పోని మచ్చలు కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకే. ఇదంతా బాబు సంగతి. పాపకి ఇంకా 6 నెలలు నిండలేదు, ఆమెకి ఫిట్స్‌లాంటిది ఏది వచ్చినా అన్నకి వచ్చిందే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, జ్వరం 39 డిగ్రీలు, అంటే 102 దాటినా ఆ రోజే చూపించాలి.

కొరకడం దగ్గరికి వద్దాం. మిమ్మల్ని బాగా కుంగదీస్తున్నది ఇదేనని తెలుస్తోంది, కానీ చెప్పుకున్న వాటిల్లో దానంతట అది తగ్గిపోయేది కూడా ఇదే. ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య కొరకడం చాలా మామూలు. వాడికి కోపం, దిగులు, నిద్ర, అన్నీ ఒకేసారి ముంచుకొస్తాయి, వాటిని చెప్పడానికి మాటలు ఇంకా చాలవు, పళ్ళు మాత్రం ఉన్నాయి. ఇంట్లో చెల్లి వచ్చింది, అమ్మ ఒడి పోయింది, పైగా రెండు నెలలుగా అమ్మ తనని చూసే చూపులో భయం తప్ప ఇంకేం లేదు, పిల్లలకి అది తెలుస్తుంది అమ్మా. కొరికినప్పుడు మాత్రం అమ్మా నాన్నమ్మా ఇద్దరూ పరుగెత్తుకొస్తారు, అది కూడా తెలుస్తుంది.

తిరిగి కొరికితే ఏమవుతుందంటే, నొప్పి తెలుస్తుంది నిజమే, కానీ తను కొరికినప్పుడు చెల్లికి కూడా ఇలాగే ఉంటుంది అని కలిపి ఆలోచించడం ఆ వయసుకి రాదు, కోపం వస్తే పెద్దవాళ్ళూ కొరుకుతారు అన్నది మాత్రం బాగా నాటుకుంటుంది. కొట్టినా అంతే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో దీని గురించి స్పష్టంగా చెప్పింది, కొట్టడం వల్ల కాసేపు ఆగినట్టు ఉంటుంది గానీ పోను పోను పిల్లల్లో దెబ్బలాట పెరుగుతుంది తప్ప తగ్గదు అని. మీరు ఒకసారి కొట్టినందుకు వాడి జీవితం పాడైపోలేదు, అది మనసులో పెట్టుకుని కుమిలిపోవద్దు. వాడి దగ్గర కూర్చుని "అమ్మ కొట్టింది, అది తప్పు, అమ్మ ఇంక కొట్టదు" అని చెప్పండి, రెండేళ్ళవాడికి ఆ మాట అర్థమవుతుంది.

కొరికినప్పుడు చేయాల్సింది చాలా చప్పగా ఉంటుంది, అందుకే ఎవరికీ నచ్చదు. వాడి ఎత్తుకి వంగి, అరవకుండా, నవ్వకుండా "కొరకొద్దు, నొప్పి" అని రెండే మాటలు చెప్పి, వాడిని పక్కకి జరిపి, ముందు పాపని ఎత్తుకుని ఊరుకోబెట్టండి. ఉపన్యాసం వద్దు, సారీ చెప్పించడం వద్దు. పాప చర్మం తెగి రక్తం వస్తే సబ్బూ నీళ్ళతో బాగా కడిగి డాక్టర్‌కి చూపించండి, మనిషి కాటుకి ఇన్ఫెక్షన్ తొందరగా పడుతుంది. అసలు పని మిగతా రోజంతా ఉంటుంది. ఓ వారం పాటు ఎప్పుడు కొరుకుతున్నాడో గమనించండి, నిద్ర ముందా, ఆకలి మీదా, మీరు పాపకి పాలిచ్చేటప్పుడా. చాలా ఇళ్ళల్లో పాలిచ్చే టైమే. అలా అయితే ఆ టైంకి వాడికి ఒక పుస్తకమో బొమ్మో మీ పక్కనే, మీకు ఆనుకుని కూర్చునే చోటూ సిద్ధంగా ఉంచండి. మధ్యాహ్నం నిద్ర తప్పుతోందేమో చూడండి, వాడి వయసుకి రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. రోజుకి ఒక పావుగంట పాపని అత్తయ్యగారికిచ్చి తలుపు వేసుకుని వాడు చెప్పిన ఆటే వాడితో ఆడండి, ఫోన్ లేకుండా. చెల్లిని మెల్లగా ముట్టుకున్నప్పుడు, బొమ్మ తెచ్చిచ్చినప్పుడు అప్పటికప్పుడు పైకి అనండి. మూడున్నర వచ్చేసరికి చాలావరకు పోతుంది. పోకపోతేనో, రోజురోజుకీ పెరుగుతుంటేనో చూపించాలి. అన్నట్టు వాడు ఎలా మాట్లాడుతున్నాడో మీరు ఎక్కడా రాయలేదు, "అమ్మ రా", "పాలు కావాలి" లాగా రెండు మాటలు కలపడం ఈ వయసుకి వచ్చి ఉండాలి, రాకపోతే ఆగకుండా వినికిడి పరీక్ష చేయించండి, మాట రాని చిరాకే పళ్ళల్లోంచి వస్తుంటుంది చాలాసార్లు.

అత్తయ్యగారి గురించి. ఆవిడ స్పూన్ పెట్టింది మనవడిని కాపాడుకోవాలనే, ఆ క్షణంలో ఇంట్లో ఏదో ఒకటి చేయబోయింది ఆవిడొక్కరే. మీరు చదివి తెలుసుకున్నది ఆవిడకి చెప్తే కోడలు నాకు నేర్పుతోంది అన్నట్టే వినిపిస్తుంది, మీరు ఎంత మెత్తగా చెప్పినా. ఒక దారి ఏంటంటే వచ్చేసారి పిల్లల డాక్టర్ దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్ళి, సెల్ మింగితే ఏమవుతుంది, ఫిట్స్ వస్తే నోట్లో ఏమైనా పెట్టాలా అని ఆవిడనే అడగనివ్వండి. ఇంకో దారి ఈ మాటలన్నీ మీ ఆయన చేత చెప్పించడం, తొందరగా అయిపోతుంది గానీ వెనక మీరున్నారని ఆవిడకి తెలిసిపోతుంది. వేరే వెళ్ళిపోవడం కూడా ఒక దారే, కానీ పగలంతా ఇద్దరు చిన్నపిల్లలతో మీరొక్కరే ఉంటారు, పైన చెప్పిన ఆ అర నిమిషాలకి ఇంకో మనిషి ఉండరు, అది లెక్కలో వేసుకుని ఆలోచించండి. ఆవిడ ఎంత చెప్పినా వినకుండా ప్రమాదం తెచ్చిపెడుతుంటే అప్పుడు సంగతి వేరు, మీ ఉత్తరంలో నాకు అలా కనిపించలేదు, ఇద్దరు పిల్లల్ని చూసి అలిసిపోయిన పెద్దావిడ కనిపించారు.

ప్లేస్కూల్ మంచిదా కాదా అనే కంటే ఎప్పుడు అనేది చూడండి. మీరు ఉద్యోగానికి వెళ్ళే వారమే వాడినీ బయటికి పంపిస్తే, చెల్లి వచ్చింది, అమ్మ వెళ్ళిపోయింది, నన్నూ పంపేశారు అన్నట్టు ఉంటుంది వాడికి, కొరకడం అక్కడికీ వెళ్తుంది. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి నెలల్లో జలుబూ జ్వరాలూ వరసగా వస్తాయి, మీ భయానికి అది ఇంకో పరీక్ష. చేర్చాలనుకుంటే మీ లీవ్ ఉండగానే రోజుకి రెండు గంటలతో మొదలుపెట్టండి, ఫిట్స్ వచ్చిన సంగతి, వస్తే ఏం చేయాలో కాగితం మీద రాసి ఇవ్వండి. చేర్చకుండా అత్తయ్యగారికి సాయంగా పగలు ఒక మనిషిని పెట్టుకోవడం ఇంకో మార్గం, ఖర్చు అవుతుంది గానీ ఇంట్లో ఒక్క మార్పే జరుగుతుంది. ఉద్యోగం మానేసే నిర్ణయం మాత్రం రెండు నెలలుగా నిద్ర లేని తలతో తీసుకోవద్దు. లీవ్ కొన్నాళ్ళు పొడిగించమని అడగడం, తక్కువ గంటలతో వెళ్ళడం, ఇలా వెనక్కి తీసుకోగలిగినవి ముందు చూడండి.

చివరగా మీ గురించి. ఇంటి సంగతులన్నిటి మధ్యలో ఒక్క లైన్‌లో రాశారు, నిద్రపోతున్న పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను అని. ఒకసారీ రెండుసార్లూ ఏ తల్లైనా చూస్తుంది. రోజూ రాత్రి నాలుగైదుసార్లు, రెండు నెలలుగా, చూశాక కూడా మనసు కుదుటపడకుండా, పగలు బాత్‌రూంలో ఏడుస్తూ ఉంటే అది అతి జాగ్రత్త కాదు, కాన్పు తర్వాత ఏడాది లోపు ఎప్పుడైనా వచ్చే ఆందోళనో డిప్రెషనో అయ్యుండచ్చు. దీనికి మంచి వైద్యం ఉంది, పాలిచ్చే తల్లులకి ఇవ్వగలిగిన మందులూ ఉన్నాయి, చాలామందికి మాటలతోనే నయమవుతుంది. ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల పేపర్ ఉంటుంది, 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు, మీ గైనకాలజిస్ట్‌ని అడిగితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నన్ను నేను ఏమైనా చేసుకుంటానేమో, పిల్లల్ని ఏమైనా చేస్తానేమో అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఇంట్లో చెప్పి హాస్పిటల్‌కి వెళ్ళండి, అలా చెప్పుకున్నందుకు ఎవరూ మిమ్మల్ని చెడ్డ తల్లి అనరు.

మీ ఆయనకి ఈ జవాబు చదివి వినిపించండి. డాక్టర్ ఏం లేదన్నది బాబు గురించి, మీ గురించి కాదు. రాత్రిని రెండుగా పంచుకోమనండి, సగం రాత్రి పిల్లల బాధ్యత పూర్తిగా ఆయనది, ఆ టైంలో మీరు వేరే గదిలో పడుకోవాలి, పాలు ముందే తీసి పెట్టినా సరే, ఆకలేసినప్పుడు మాత్రం పాపని తెచ్చి మీ దగ్గరికిచ్చినా సరే. వరసగా నాలుగైదు గంటలు పడుకోవడం మీకు ఇప్పుడు మందుతో సమానం. అన్ని గంటలు చేతిలో ఉండి, పిల్లలు బాగానే ఉన్నారని తెలిసి కూడా మీకు నిద్ర పట్టకపోతే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, వాళ్ళు మొదట అడిగే వాటిల్లో అదొకటి.